పేదరాశి పెద్దమ్మ ఇంట్లోనే ఉండిపోయే కథలు: కోజీ రొమాంటిక్ ఫాంటసీల్లో మీకు ఏది?

జానపద కథల్లో రాకుమారుడు మాంత్రికుడి ప్రాణమున్న చిలకను వెతుక్కుంటూ ఏడు సముద్రాలు దాటడానికి బయల్దేరతాడు. దారిలో చీకటి పడితే పేదరాశి పెద్దమ్మ ఇంట్లో దిగుతాడు. ఆవిడ వేడివేడిగా వండి పెడుతుంది, ఊరి సంగతులు చెబుతుంది, పడక వేస్తుంది. తెల్లారగానే అతను గుర్రమెక్కి వెళ్లిపోతాడు, కథ కూడా అతని వెంటే పోతుంది. చిన్నప్పుడు నాకు ఇక్కడే అనుమానం వచ్చేది. మరి పెద్దమ్మ సంగతేమిటి? రాకుమారులు రాని రోజుల్లో ఆవిడ ఏం చేస్తుంది? అంతమందికి వండి పెట్టడానికి పప్పూ ఉప్పూ ఎక్కణ్నుంచి వస్తాయి? వెళ్లాల్సినవాడు ఒక్కడైనా వెళ్లకుండా అక్కడే ఉండిపోతే?

కోజీ ఫాంటసీ అలా ఉండిపోయినవాళ్ల కథ. మంత్రాలుంటాయి, డ్రాగన్లుంటాయి, కానీ కథ యుద్ధానికి పోదు. కొట్టు తెరవాలి, పాడుబడ్డ ఇల్లు బాగుచేసుకోవాలి, ఇరుగుపొరుగుతో పడాలి. దానికి ప్రేమ తోడైతే కోజీ రొమాంటిక్ ఫాంటసీ. ఈ పేరుతో ఇంగ్లిష్‌లో ఇప్పుడు నవలలు గుట్టలుగా వస్తున్నాయి. అట్టల మీద దాదాపు ఒకటే బొమ్మ: కిటికీలో దీపం, గోడకు పాకిన తీగలు, పొగలు కక్కే కప్పు, మూలన పిల్లి. లోపల మాత్రం ఒకదానికీ ఇంకోదానికీ పొంతన ఉండదు. అట్ట చూసి ఎంచుకుంటే దెబ్బ తింటాం. నేను తిన్నాను, ఇంకొకరికి కూడా తినిపించాను.

ఆఫీసు గొడవల్లో నలిగిపోయి నిద్ర పట్టడం లేదంటూ ఒక స్నేహితురాలు "తేలిగ్గా ఉండే ప్రేమకథ ఏదైనా ఇవ్వు" అని అడిగింది. నాకెంతో ఇష్టమైన 'ద హౌస్ ఇన్ ద సెరూలియన్ సీ' ఇచ్చాను. అందులో కథానాయకుడు 40 ఏళ్ల ప్రభుత్వోద్యోగి. 17 ఏళ్లుగా ఒకే డిపార్ట్‌మెంట్‌లో రిపోర్టులు రాస్తుంటాడు. మొదటి అధ్యాయాల్లో అతను పై అధికారుల ముందు చేతులు కట్టుకుని నిలబడటం, చిన్న తప్పుకు చీవాట్లు తినడం, వర్షంలో తడుస్తూ ఇంటికి పోవడం. మూడోరోజే పుస్తకం వెనక్కి వచ్చింది. "మా ఆఫీసే నయం" అంది.

పుస్తకంలో తప్పేమీ లేదు. ఆమె దేన్నుంచి తప్పించుకోవాలనుకుందో నేను అడగలేదు. అప్పట్నుంచి ఎవరు అడిగినా నా మొదటి ప్రశ్న ఒకటే: ఇప్పుడు మీరు దేనికి విసిగిపోయి ఉన్నారు? ఈ రకం నవలలన్నీ ఏదో ఒక అలసటకు జవాబుగా రాసినవే. ఆ అలసట మీదీ అయితే పుస్తకం పట్టేస్తుంది, లేకపోతే ఎంత మంచి పుస్తకమైనా చప్పగా ఉంటుంది.

ముందు ఒక తికమక

రొమాంటసీ (ప్రేమకథ ముందుండే ఫాంటసీ) అనే మాట విని కోజీ అనుకుని కొనేవాళ్లు చాలామంది. 2023లో వచ్చి ఊపేసిన 'ఫోర్త్ వింగ్' రొమాంటసీయే. అక్కడ డ్రాగన్ల మీద ఎక్కే సైనికుల్ని తయారుచేసే కాలేజీ ఉంటుంది, చేరిన రోజే సన్నటి గోడ మీద నడుస్తూ జారిపడి చచ్చిపోయే విద్యార్థులుంటారు. ప్రేమ ఉంది, మంత్రం ఉంది, హాయి మాత్రం లేదు. అలాంటి కథ కావాలనుకునే రోజులూ ఉంటాయి, కాదనను. కాకపోతే నిద్రపట్టక పుస్తకం పట్టుకున్నవాళ్లు దాన్ని మొదలుపెడితే తెల్లవారుజాము దాకా మేలుకోవాల్సిందే.

కోజీలో ఏమీ జరగదు అనుకోవడం ఇంకో పొరపాటు. కొట్టు తగలబడొచ్చు, ఇల్లు చెయ్యిజారిపోవచ్చు, నమ్మినవాళ్లు దగా చెయ్యొచ్చు. అయితే పోయినదాన్ని మళ్లీ కట్టుకోవచ్చు, అందుకు నలుగురు మనుషులు వస్తారు. రాజ్యం మునిగిపోతుందేమోనన్న టెన్షన్ ఉండదు గానీ ఇవాళ బేరం అవుతుందా అన్న బెంగ ఉంటుంది. నాకైతే రెండోదే ఎక్కువ తగులుతుంది.

ఇంకొకటి ముందే చూసుకోవాలి. ఇంగ్లిష్ పాఠకులు 'క్లోజ్డ్ డోర్', 'ఓపెన్ డోర్' అంటుంటారు. ప్రేమికులు గదిలోకి వెళ్లాక రచయిత తలుపు మూసేస్తారా, మనల్ని కూడా లోపలికి తీసుకెళ్తారా అని. కోజీ అనగానే తలుపు మూసే ఉంటుందన్న హామీ లేదు. పదిహేనేళ్ల పిల్లలకు ఇచ్చేముందు ఈ సంగతి తప్పక కనుక్కోండి.

ఉద్యోగానికి విసిగినవాళ్లకు: మూడు కొట్లు

ఈ మధ్యకాలపు కోజీ గాలికి మొదలు ట్రావిస్ బాల్డ్రీ రాసిన 'లెజెండ్స్ అండ్ లాట్టేస్'. ఆయన అప్పటికే పేరున్న ఆడియోబుక్ గాత్రకారుడు, అంతకుముందు వీడియో గేములు తయారుచేసినవాడు. 2022 ఫిబ్రవరిలో సొంతంగా వేసుకున్న పుస్తకం అదే ఏడాది నవంబరుకల్లా టోర్ అనే పెద్ద ప్రచురణ సంస్థ ద్వారా మళ్లీ వచ్చింది, సైన్స్ ఫిక్షన్, ఫాంటసీలకిచ్చే హ్యూగో, నెబ్యులా రెండు అవార్డుల తుది జాబితాల్లోనూ నిలిచింది.

కథ ఇంతే. వివ్ అనే ఆర్క్ (మామూలు ఫాంటసీల్లో గుంపులుగా వచ్చి హీరో కత్తికి బలయ్యే జాతి) ఏళ్ల తరబడి కత్తి పట్టి, చివరికి దాన్ని గోడకు తగిలించి, థ్యూన్ అనే నగరంలో కాఫీ కొట్టు పెడుతుంది. ఆ ఊళ్లో కాఫీ అంటే ఎవరికీ తెలియదు. మొదటిరోజు ఒక్కరూ రారు. ఈ నవల గొప్పతనమంతా ఆ రాకపోవడంలో ఉంది. గుర్రపుశాలను కొట్టుగా మార్చడం, వడ్రంగితో బేరం, బల్లలు ఎక్కడ వెయ్యాలన్న చర్చ, ఎలుక జాతికి చెందిన ఒక మాటకారి కాని వంటవాడు చేసే దాల్చినచెక్క రొట్టెల వాసన వీధిలోకి పాకడం. ప్రేమ టాండ్రి అనే సహాయకురాలితో. ఇద్దరు ఆడవాళ్ల ప్రేమ, అదీ ఎంత నెమ్మదంటే సగం పుస్తకం అయ్యేదాకా అది ప్రేమని వాళ్లకే తెలియదు. శృంగార ఘట్టాలు లేవు. ప్రేమకథ కోసమే వచ్చినవాళ్లు "ఇంతేనా" అంటారు. పనిలో ఆనందం ఎలా ఉంటుందో మర్చిపోయినవాళ్లు మాత్రం దీన్ని వదలరు. దీని ముందుకథగా 2023లో వచ్చిన 'బుక్‌షాప్స్ అండ్ బోన్‌డస్ట్' పుస్తకాల కొట్టు చుట్టూ తిరుగుతుంది, నవ్వు ఎక్కువ, కానీ అందులోని ప్రేమ కొన్నాళ్ల ముచ్చట. కలిసి ఉండిపోయే జంటే కావాలంటే దాన్ని తర్వాతకు ఉంచుకోండి.

సారా బెత్ డర్స్ట్ రాసిన 'ద స్పెల్‌షాప్' (2024) కూడా కొట్టు కథే, రుచి వేరు. కీలా పుస్తకాలతో తప్ప మనుషులతో మాట్లాడటం అలవాటు తప్పిన లైబ్రేరియన్. రాజధానిలో తిరుగుబాటు వచ్చి మహా గ్రంథాలయం తగలబడుతుంటే, మంత్రగ్రంథాల పెట్టెలు కొన్ని పడవలో వేసుకుని, తను పుట్టిన దీవికి పారిపోతుంది. తోడుగా కాజ్ అనే మాట్లాడే మొక్క. కుండీలో మొక్కే, కానీ భయపడుతుంది, అలుగుతుంది, సలహాలిస్తుంది. పైకి జామ్ అమ్ముతూ లోపాయికారీగా మంత్రాలు కూడా ఇవ్వడం మొదలుపెడుతుంది. మంత్రాలు పెద్దవాళ్ల సొత్తు, మామూలు జనం వాడితే నేరం. అందుకే వివ్ కథలో కంటే ఇక్కడ గుండె కాస్త ఎక్కువ కొట్టుకుంటుంది. పక్కింటి లారన్ సముద్రపు గుర్రాల మందను కాస్తుంటాడు. అడక్కుండానే పొగగొట్టం బాగుచేసే రకం. ప్రేమ మొదట్నుంచీ కనిపిస్తుంది, తేటగా ఉంటుంది, ఇంగ్లిష్ కూడా సులువు. కోజీ ఎప్పుడూ చదవనివాళ్లకు, ముఖ్యంగా ప్రేమ కోసం వచ్చినవాళ్లకు, నేను మొదట చెప్పేది ఇదే. నా ఫిర్యాదు ఒక్కటే. లారన్ మరీ మంచివాడు. మనిషన్నాక ఒకరోజైనా విసుక్కోడా? ఆ మంచితనం మీకు ఊరట అనిపిస్తే, 2025లో వచ్చిన 'ద ఎన్‌చాంటెడ్ గ్రీన్‌హౌస్' కూడా తీసుకోండి. కాజ్‌కు ప్రాణం పోసినందుకు శిక్షగా చెక్కబొమ్మగా మారిన లైబ్రేరియన్ కథ అది. మొదటిదాంతో సంబంధం ఉన్నా విడిగా చదువుకోవచ్చు.

మూడోది రెబెకా థోర్న్ నవల 'కాంట్ స్పెల్ ట్రీజన్ వితౌట్ టీ'. రాణిగారి అంగరక్షకురాలు, లోకంలోకెల్లా బలమైన మంత్రగత్తె, ఇద్దరూ ఉద్యోగాలు వదిలేసి టీ, పుస్తకాల కొట్టు పెట్టుకోవడానికి పారిపోతారు. కథ మొదలయ్యేసరికే వాళ్లు ప్రేమికులు. ఒప్పుకుంటుందా లేదా అన్న ఉత్కంఠ నచ్చనివాళ్లకు, కలిశాక జంట ఎలా బతుకుతుందో చూడాలనుకునేవాళ్లకు ఇది. కొట్టు కంటే డ్రాగన్ల దాడులూ రాణి కోపమూ ఎక్కువ చోటు తినేస్తాయి. మొత్తం నాలుగు పుస్తకాల సిరీస్.

ఒంటరితనానికి విసిగినవాళ్లకు: రెండు ఇళ్లు

ఇక్కడ మాత్రం నేను ఒకవైపే మాట్లాడతాను. సంగు మందన్న రాసిన 'ద వెరీ సీక్రెట్ సొసైటీ ఆఫ్ ఇర్రెగ్యులర్ విచెస్' (2022) ఈ వ్యాసంలోని పుస్తకాలన్నిటిలో నాకు దగ్గరైనది. మీకా మూన్ ఇండియాలో పుట్టి, ఇంగ్లండ్‌లో పెరిగిన మంత్రగత్తె. మంత్రగత్తెలు ఒకచోట చేరకూడదు, ఎవరికీ తెలియకుండా విడివిడిగా బతకాలి అన్న నియమం మధ్య పెరిగింది. అద్దె ఇళ్లు మారుతూ, ఎవరితోనూ ముడి పడకుండా, ఇంటర్నెట్‌లో మంత్రగత్తె వేషం వేసి వీడియోలు పెడుతుంది, ఎలాగూ ఎవరూ నమ్మరు కదా అని. ఆ వీడియోలు చూసి, నిజం పసిగట్టిన ఒక ఇంటి నుంచి కబురొస్తుంది: ముగ్గురు చిన్న మంత్రగత్తెలున్నారు, చదువు చెప్పడానికి రా.

ఆ ఇంటి పేరు నోవేర్ హౌస్. ముసలి జంట, ఇంటిని కనిపెట్టుకునే ఆవిడ, ముగ్గురు పిల్లలు, ముక్కుమీద కోపమున్న లైబ్రేరియన్ జేమీ. జేమీకి మీకా మీద మొదట్లో నమ్మకం లేదు. వాళ్ల గిల్లికజ్జాలు సరదాగా ఉంటాయి, కానీ నన్ను పట్టుకున్నది అది కాదు. మీకాకు అందరినీ మెప్పించే అలవాటు ఉంది. ఎక్కడా చోటు లేనివాళ్లు తెచ్చుకునే చలాకీతనం అది. ఇంట్లో ఒక మనిషి ఆమె నవ్వు వెనక ఉన్నదాన్ని చూడటం, ఆమె దాన్ని దాచుకోలేకపోవడం రచయిత్రి ఎక్కడా గొంతు పెంచకుండా రాశారు. పెద్దల కోసం రాసిన పుస్తకం, ఒకచోట తలుపు పూర్తిగా మూయరు కూడా. ముగ్గురు పిల్లలున్నారు కదా అని పిల్లల పుస్తకమనుకోకండి.

నా స్నేహితురాలు తిప్పికొట్టిన టీజే క్లూన్ నవల (2020) కూడా ఇంటి కథే. దీవిలో అనాథాశ్రమం, అందులో ఆరుగురు మాయపిల్లలు. వాళ్లలో ఒకడు సాక్షాత్తు సైతాను కొడుకు, ఆరేళ్లవాడు, పాత పాటలంటే పిచ్చి. ఇంకొకడు ఆకుపచ్చ ముద్దలా ఉంటాడు, హోటల్లో సామాన్లు మోసే ఉద్యోగం చెయ్యాలని కల. తనిఖీకి వచ్చిన లైనస్, ఆశ్రమం నడిపే ఆర్థర్ల మధ్య ప్రేమ కథలో ఒక పాయ మాత్రమే, ముద్దు దాటదు. నడివయసు మగవాళ్లిద్దరి ప్రేమను ఇంత మర్యాదగా, ఇంత బెరుకుగా రాసినవి తక్కువ. ప్రేమకు పదికి మూడు మార్కులు, ఇంటికి పదికి పది. రెండిట్లో ఒకటే చదవగలిగితే, ప్రేమ కావాలంటే మందన్న, పిల్లల మీద మమకారం కావాలంటే క్లూన్. మొదటి అధ్యాయాలు ఓర్చుకోవాలి, అంతే.

మనుషులకే విసిగినవాళ్లకు

నవ్వకండి, ఈ వర్గం పెద్దదే. ఎవరైనా పలకరిస్తే పుస్తకం అడ్డం పెట్టుకునేవాళ్లకు హెదర్ ఫాసెట్ రాసిన 'ఎమిలీ వైల్డ్స్ ఎన్‌సైక్లోపీడియా ఆఫ్ ఫెయిరీస్' (2023). కాలం 1909. ఎమిలీ కేంబ్రిడ్జ్‌లో యక్షిణీ గంధర్వుల లాంటి ఫెయిరీ జాతుల మీద పరిశోధించే ప్రొఫెసర్. క్షేత్ర పరిశోధన కోసం మంచుదేశపు పల్లెకు వెళ్తుంది. ఊరివాళ్లతో ఎలా మాట్లాడాలో తెలియక మొదటి రోజే అందరినీ నొప్పిస్తుంది. నవలంతా ఆమె డైరీ, కింద ఫుట్‌నోట్లతో సహా. పిలవకుండానే వెనక వచ్చి వాలే సహోద్యోగి వెండెల్ అందగాడు, సోమరి, పని తప్ప అన్నీ చేస్తాడు, అందరికీ నచ్చేస్తాడు. ఆమెకు ఒళ్లు మండుతుంది. ఈ ఇద్దరి మాటల పోటీ నాకు ఈ రకం నవలలన్నిటిలోకీ ఎక్కువ నవ్వు తెప్పించింది.

హెచ్చరిక కూడా ఉంది. ఇక్కడి ఫెయిరీలు నిజంగానే క్రూరులు. మనుషుల్ని ఎత్తుకుపోతారు, ఊయల్లో బిడ్డను మార్చి పోతారు. చలి, నెత్తురు రెండూ ఉన్నాయి. ఇంగ్లిష్ కాస్త పాతకాలపు పండిత శైలి, పదాలకు తడుముకోవాల్సి వస్తుంది. మూడు పుస్తకాల కథ 2025తో పూర్తయింది కాబట్టి మధ్యలో ఆగిపోతుందన్న బెంగ లేదు.

అంత చలి వద్దనుకుంటే ఒలివియా అట్‌వాటర్ 'హాఫ్ ఎ సోల్' చిన్నది, తేలిక. పాత ఇంగ్లండ్ డ్యాన్సు పార్టీలు, సంబంధాల వేట. చిన్నప్పుడు ఒక ఫెయిరీ సగం ఆత్మను ఎత్తుకుపోవడంతో డోరాకు సిగ్గు, భయం సరిగ్గా తెలియవు. ఎక్కడ ఏం మాట్లాడకూడదో అక్కడ అదే మాట్లాడుతుంది. కోపిష్ఠి రాజమాంత్రికుడు ఆమె మాటలకు ముందు బిత్తరపోతాడు, తర్వాత పడిపోతాడు. తలుపు మూసే ఉంటుంది. దొరల విలాసాల పక్కనే పేదల వర్క్‌హౌసుల (తిండికీ నీడకూ బదులు చాకిరీ చేయించే ఆశ్రమాల) దుర్గతి కూడా చూపిస్తుంది కాబట్టి పూర్తి చక్కెర పాకమేమీ కాదు.

చక్కెర ఎక్కువైనవాళ్లకు

రెండు మూడు చదివాక నోరు వెగటు పుట్టడం మామూలే. అప్పుడు మెగన్ బానెన్ రాసిన 'ది అండర్‌టేకింగ్ ఆఫ్ హార్ట్ అండ్ మెర్సీ' (2022) పట్టుకోండి. అంత్యక్రియల కొట్టు నడిపే అమ్మాయి, శవాలను అప్పగించడానికి వచ్చే మార్షల్. ఎదురుపడితే కీచులాట, పేరు లేని ఉత్తరాల్లో ఒకరికొకరు మనసు విప్పుకోవడం, అవతల ఎవరున్నారో ఇద్దరికీ తెలియదు. చావు ప్రతి పేజీలో ఉంటుంది, శృంగారం ఘాటు, తలుపు తెరిచే ఉంటుంది. ప్రేమకథగా అన్నిటికంటే బలమైనది బహుశా ఇదే, కోజీగా అన్నిటికంటే బలహీనమైనది.

టీ కింగ్‌ఫిషర్ 'స్వోర్డ్‌హార్ట్' (2018) మరో దారి. ఆస్తి కోసం బంధువులు గదిలో పెట్టి తాళం వేసిన వితంతువు హల్లా, గోడ మీది కత్తి దూస్తే అందులోంచి శతాబ్దాల నాటి యోధుడు బయటికొస్తాడు. ఆమె ఆ కత్తి దూసింది ప్రాణం తీసుకుందామని. ఆ మాట ముందే తెలియడం మంచిది, ఎందుకంటే పేజీ తిరిగేసరికి మనం పగలబడి నవ్వుతుంటాం. నాయిక వయసు ముప్పై దాటింది, ఆపకుండా ప్రశ్నలు అడుగుతుంది. ఇరవై ఏళ్ల నాయికలతో విసిగిపోయినవాళ్లకు పండగ.

పాతది ఒకటి

కోజీ ఫాంటసీ అన్న మాట పుట్టకముందే, 1986లో, డయానా విన్ జోన్స్ 'హౌల్స్ మూవింగ్ కాసిల్' రాశారు. జపాన్ దర్శకుడు మియజాకి 2004లో తీసిన యానిమేషన్ సినిమా చూసినవాళ్లు చాలామంది పుస్తకం జోలికి పోరు. రెండూ వేర్వేరు. సినిమాలో యుద్ధం ముందుకొచ్చింది, పుస్తకంలో ఇల్లు ఊడవడం ముందుంటుంది. శాపంతో ముసలిదైపోయిన సోఫీ, నడిచే కోటలోకి జొరబడి, పొయ్యిలోని అగ్నిభూతంతో ఒప్పందం చేసుకుని, అడగకపోయినా ఇల్లంతా శుభ్రం చేసేస్తుంది. ముసలితనం వచ్చాక ఆమెకు నోరు కూడా వస్తుంది. ఎవరేమనుకుంటారోనన్న భయం పోతుంది. హౌల్ అలిగితే ఇల్లంతా ఆకుపచ్చ జిగురు. ప్రేమిస్తున్నానన్న మాట కంటే తిట్లే ఎక్కువ వినిపిస్తాయి. పిల్లల అరలో పెట్టే పుస్తకమే అయినా, ఈ వ్యాసంలో ఏదీ నచ్చకపోతే దీన్ని ఒక్కసారి ప్రయత్నించండి. ఇంట్లో అందరూ చదువుకోగలిగింది కూడా ఇదే.

వింటూ పనులు చేసుకునేవాళ్లకు 'లెజెండ్స్ అండ్ లాట్టేస్' ఆడియోబుక్ బాల్డ్రీ స్వయంగా చదివారు, అది కాగితం మీదకంటే చెవికే బాగుంది. ఎమిలీ డైరీని మాత్రం పుస్తకంగానే చదవండి, ఫుట్‌నోట్లు వింటుంటే దారి తప్పుతాం.

ఏది తీసుకున్నా మొదటి రెండు అధ్యాయాలు నమూనాగా చదివి చూడండి. అందులో మనిషి ఏ బాధ నుంచి బయటపడాలనుకుంటున్నాడో చూడండి. ఆ బాధ మీకు తెలిసిందే అయి, ఇప్పుడే దానిలో నిండా మునిగి ఉంటే, కాస్త ఆగి చదవండి. తప్పించుకోవడం మొదటి పేజీలోనే మొదలయ్యే పుస్తకం ముందు తీసుకోండి. వివ్ మొదటి అధ్యాయంలోనే కత్తి పని మానేస్తుంది. లైనస్‌కు ఆఫీసు నుంచి బయటపడటానికి చాలా పేజీలు పడుతుంది.

ఆ తేడా తెలిశాక స్నేహితురాలికి వివ్ కథ ఇచ్చాను. నాలుగు రోజుల తర్వాత "కాఫీ కొట్టు పెట్టడానికి ఎంతవుతుంది?" అని మెసేజ్ పెట్టింది. కొట్టయితే పెట్టలేదు. మొన్న తనే ఫోన్ చేసి, ఆ గుమస్తా పుస్తకం ఇంకా నీ దగ్గరే ఉందా, ఒకసారి ఇస్తావా అని అడిగింది. ఉద్యోగం మారింది లెండి.